ఊపిరికి లెక్కలు కావాలా?

ఆస్తమా ఉన్న మనిషికి రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎన్ని, వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత, ఎలర్జీలో పెరిగే యాంటీబాడీ ఐజీఈ ఎంత అని కొలిచి మందు రాయాలా? లేక అతను చెప్పింది విని, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి రాస్తే చాలా? ఈ తగువు మన ఆసుపత్రుల్లో చాలాకాలంగా నడుస్తోంది. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు భీమవరంలో తల నెరిసిన జనరల్ ఫిజీషియన్. రెండోవారు హైదరాబాద్‌లో పల్మనాలజీ చదివి, కొన్నాళ్లు ఆయన క్లినిక్‌లో కూచోడానికి వచ్చిన మేనకోడలు. వాళ్ల నోట వచ్చే ఊళ్లూ ఏళ్లూ అంకెలూ మాత్రం కల్పితం కావు.

మామయ్య: నువ్వొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నానమ్మా. ఆయాసమంటూ వచ్చిన ప్రతివాడికీ సీబీపీ, ఐజీఈ రాస్తున్నావు. ఇప్పుడు గాలి ఊదే ఆ మిషను కూడా కొనమంటున్నావు. వాడు జేబులో వెయ్యి రూపాయలు పెట్టుకుని వస్తాడు. అందులో సగం ల్యాబుకి పోతే ఇన్‌హేలర్ దేంతో కొంటాడు? పిల్లికూతలు నా చెవికి వినబడుతున్నాయి. తెల్లవారుజామున లేచి మంచం మీద కూచుంటున్నానని వాడే చెబుతున్నాడు. ఇంకా లెక్కేమిటి?

మేనకోడలు: శ్వాస గొట్టం ఇరుకైతే కూత వస్తుంది మామయ్యా. ఎందుకు ఇరుకైందో కూత చెప్పదు. చుట్టూ కండరం బిగుసుకున్నా కూతే, లోపలి పొర వాచినా కూతే, జిగురు కఫం అడ్డుపడ్డా కూతే. సాల్‌బుటమాల్ పఫ్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. రోగికి హాయిగా ఉంటుంది, మీకు ఛాతీలో కూత వినబడదు, వాపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే 2019లో ఆస్తమా మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ జినా మార్గదర్శకాలు పెద్దవాళ్లకీ పన్నెండేళ్లు దాటిన పిల్లలకీ సాల్‌బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దన్నాయి.

మామయ్య: ఆ మాట నీకంటే నాకే ఎక్కువ పనికొస్తుంది. ఒక్కటే ఇవ్వొద్దన్నారు సరే. దానికి బదులు ఏమిమ్మన్నారు? బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. 2018లో వచ్చిన పెద్ద ట్రయల్ నేనూ చదివాను. తేలికపాటి ఆస్తమా ఉన్నవాళ్లు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆ జంట మందు పీల్చారు. సాల్‌బుటమాల్ లాంటి టెర్బుటలిన్ ఒక్కటే పీల్చినవాళ్లతో పోలిస్తే వీళ్లకి తీవ్రమైన దాడులు అరవై శాతానికి పైగా తగ్గాయి. మరుసటి ఏడాది ఇంకో ట్రయల్ వచ్చింది. అందులో ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లకీ తక్కువున్నవాళ్లకీ కూడా మేలే జరిగింది. ఎవరికైనా పనిచేసే మందుకి ముందు లెక్క దేనికి?

మేనకోడలు: తేలికపాటి ఆస్తమాకి లెక్క లేకుండా మందు మొదలుపెట్టవచ్చు. ఒప్పుకుంటాను. నేను మాట్లాడేది ఆ మందు పీలుస్తూ కూడా ఏడాదికి నాలుగుసార్లు ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ల గురించి. చెవి మీద ఆధారపడినంతకాలం ఆ గుంపుని ఎవరూ అర్థం చేసుకోలేకపోయారు. 1956లో ఇంగ్లండులో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పాత ఆస్తమా రోగులకి కార్టిజోన్ ఇచ్చి, నిలకడైన లాభమేమీ కనబడలేదని తేల్చింది. అంటే ఆస్తమాకి స్టెరాయిడ్ పనికిరాదని. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో!

మామయ్య: ఎవరు ఆగనివ్వలేదు?

మేనకోడలు: డెర్బీలో హ్యారీ మారో బ్రౌన్ అనే డాక్టరు. రోగులు ఉమ్మిన కఫాన్ని గాజు పలక మీద పూసి తనే మైక్రోస్కోపు కింద చూశాడు. కఫం నిండా ఇసినోఫిల్స్ ఉన్నవాళ్లకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బ్రహ్మాండంగా పనిచేసింది, లేనివాళ్లకి పనిచేయలేదు. 1958లో లాన్సెట్‌లో రాశాడు. 1956 నాటి ట్రయల్లో రెండు రకాల వాళ్లనీ కలిపేసి సగటు తీశారు, ఆ సగటులో లాభం మునిగిపోయింది. సుమారు యాభై ఏళ్ల తర్వాత ఇదే కథ మళ్లీ నడిచింది. ఇసినోఫిల్స్‌ని ఎముక మజ్జలో పెంచి పోషించే ఇంటర్‌ల్యూకిన్-5ని అడ్డుకునే మెపోలిజుమాబ్‌ని 2007లో ఆస్తమా ఉన్న మూడొందల పైచిలుకు మందికి ఇచ్చి చూశారు. లాభం లేదన్నారు. 2009లో ఇంగ్లండులోని లెస్టర్‌లో హల్దార్ బృందం, కెనడాలో హామిల్టన్‌లో పరమేశ్వరన్ నాయర్ బృందం ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లనే ఏరి ఇచ్చారు. దాడులు బాగా తగ్గాయి. మందు అదే. ఎవరికివ్వాలో చెప్పింది లెక్క.

మామయ్య: ఆ ఇంజెక్షన్ ధర వేలకి వేలు. ఈ ఊళ్లో దాన్ని కొనేవాళ్లు ఎందరు?

మేనకోడలు: సరే, దాన్ని పక్కన పెట్టండి. మన దగ్గరున్న మందులే చూద్దాం. 2002లో అదే లెస్టర్‌లో రూత్ గ్రీన్ వాళ్లు 74 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మీలాగే లక్షణాలు చూసి మందు హెచ్చుతగ్గులు చేశారు, రెండో గుంపుకి కఫంలో ఇసినోఫిల్స్ చూసి చేశారు. ఏడాదిలో మొదటి గుంపులో 109 తీవ్రమైన దాడులు, రెండో గుంపులో 35. వాడిన స్టెరాయిడ్ మొత్తం ఇంచుమించు సమానమే. ఎక్కువ ఇవ్వలేదు, కావలసినవాళ్లకి ఇచ్చారు. అంతే తేడా.

మామయ్య: లెస్టర్ భీమవరం కాదమ్మా. మీ తరం మర్చిపోతున్నది ఇదే. లెస్టర్‌లో రక్తంలో ఇసినోఫిల్స్ పెరిగితే ఎలర్జీ అనుకుంటారు, తప్పులేదు. ఇక్కడ నేలలో నులిపురుగులూ కొంకిపురుగులూ ఉన్నాయి, దోమల్లో ఫైలేరియా ఉంది. ఇసినోఫిల్ పుట్టిందే పురుగుల మీద దాడికి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియంలో ఫ్రిమోట్-మోలర్ అనే డేనిష్ డాక్టరు ఉండేవాడు. ఆయనా, బార్టనూ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. టీబీ అనుమానం కలిగేలా దగ్గూ, ఎక్స్‌రేలో మచ్చలూ, కఫంలో మాత్రం క్రిమి లేదు, రక్తం నిండా ఇసినోఫిల్స్. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు. అర్ధరాత్రి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. ఆస్తమాకీ దానికీ చెవికి తేడా తెలియదు. ఫైలేరియా పిల్లపురుగుల మీద ఒళ్లు చేసే తిరుగుబాటు అది.

మేనకోడలు: చెవికి తేడా తెలియదని మీరే అంటున్నారు!

మామయ్య: తొందరపడకు, పూర్తిగా విను. ఆ రోగానికి మందిచ్చిందెవరు? ఈ భీమవరంలో పుట్టినవాడే. యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందం 1947లో డైఇథైల్‌కార్బమజీన్ ఫైలేరియాకి పనికొస్తుందని చూపించింది. మనం హెట్రజాన్ అన్నది అదే. మూడు వారాలు ఇస్తే ఏళ్లనాటి దగ్గు ఆగిపోయేది. నీ లెస్టర్ పద్ధతిలో ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయి కదా అని వీళ్లకి స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే? నాలుగు రోజులు హాయిగా ఉండేవాళ్లు, రోగం లోపల ఊపిరితిత్తుల్ని గట్టిపరిచేది. స్ట్రాంజిలాయిడిస్ పురుగు ఉన్నవాడికి స్టెరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకి చంపేస్తుంది కూడా. ఒక్క లెక్క చూసి ఇన్ని రోగాల్ని వేరుచేస్తాననడం, థర్మామీటరు పెట్టి మలేరియానీ టైఫాయిడ్‌నీ వేరుచేస్తాననడం లాంటిది.

మేనకోడలు: ఒక్క లెక్క చూసి అని నేను ఎప్పుడన్నాను? ఎంత పెరిగిందన్నది చూడాలి కదా. ట్రాపికల్ ఇసినోఫీలియాలో మైక్రోలీటరుకి మూడు వేలు దాటి ఉంటాయి. ఆస్తమాలో మేం చూసే గీతలు 150, 300. మూడొందలకీ మూడు వేలకీ ఉన్న దూరం మీ స్టెతస్కోపు చెబుతుందా? ఇంకో సంగతి, మీకు కోపం వచ్చినా సరే. ఫైలేరియా ఇప్పుడు మీరు ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఉన్నంత లేదు. ఏళ్లతరబడి ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగించారు. నేల మారితే లెక్కకి అర్థమూ మారుతుంది. కానీ ఈ జిల్లాల్లో ఇప్పటికీ రిపోర్టులో ఏడు శాతం కనబడితే చాలు, ‘ఇస్నోఫీలియా’ అని చెప్పి హెట్రజాన్ కోర్సు మీద కోర్సు రాసేవాళ్లున్నారు. ఆస్తమా అంటే ఆడపిల్లకి సంబంధం రాదని, తల్లిదండ్రులకీ ఈ ‘ఇస్నోఫీలియా’ పేరే నచ్చుతుంది. ఆ పిల్ల పదేళ్లు ఇన్‌హేలర్ ముట్టకుండా గడిపేస్తుంది.

మామయ్య: అది నిజం. అలాంటి పిల్లల్ని నేనూ చూశాను.

మేనకోడలు: అసలు ఏడు శాతం అన్న అంకెకే అర్థం లేదు మామయ్యా. తెల్లకణాలు మొత్తం ఐదు వేలుంటే ఏడు శాతం అంటే 350. పద్నాలుగు వేలుంటే 980. శాతం చూసి భయపడేవాళ్లూ, శాతం చూసి ధైర్యపడేవాళ్లూ ఇద్దరూ పొరపాటే. రెండు అంకెల్నీ గుణించుకోవాలి. సీబీపీ కాగితం మీద ఆ రెండూ ఉంటాయి. అదనంగా పైసా ఖర్చు లేదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పి పక్కకి తప్పుకుంటాను. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు పదమూడు శాతం. ఆస్తమాతో పోయే ప్రాణాల్లో మన వాటా నలభై శాతానికి పైగా ఉంటుందని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అంచనా. రోగుల వాటాకీ చావుల వాటాకీ మధ్య ఇంత అగాధం ఉందంటే, రోగం కంటే వైద్యమే ఎక్కడో దారి తప్పుతోంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం, ఆయాసం వచ్చినప్పుడల్లా సూది వేయించుకుని మళ్లీ వచ్చేదాకా మరిచిపోవడం, రోగానికి ఆస్తమా అన్న పేరు చెప్పుకోలేకపోవడం, అన్నీ ఆ అగాధంలోనే ఉన్నాయి. మామా మేనకోడలూ ఎన్ని విషయాల్లో కొట్టుకున్నా ఈ ఒక్కదాంట్లో ఒకే పక్షం.

మామయ్య: మరి గాలి ఊదే మిషను సంగతి? దాన్ని మాత్రం ఒప్పుకోను. సిగరెట్టు తాగేవాడికి అంకె తగ్గుతుంది, ముక్కు ఎలర్జీ ఉన్నవాడికి ఆస్తమా లేకపోయినా పెరుగుతుంది. మిషను ధర లక్షల్లో, దాని సెన్సరు మళ్లీ మళ్లీ మార్చాలి.

మేనకోడలు: ఆ పరీక్ష పేరు ఫీనో. వాచిన శ్వాసనాళాల పొర ఇంటర్‌ల్యూకిన్-13 ప్రభావంతో నైట్రిక్ ఆక్సైడ్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. 1993లో స్వీడన్‌లో ఆల్వింగ్ వాళ్లు ఆస్తమా రోగుల ఊపిరిలో అది ఎక్కువుందని చూపించారు. పెద్దవాళ్లలో వంద కోట్ల పాళ్లలో పాతిక పాళ్లకి లోపు ఉంటే ఇసినోఫిల్స్ రకం వాపు ఉండే అవకాశం తక్కువ, యాభై దాటితే పీల్చే స్టెరాయిడ్ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. పది సెకన్లు ఒకే ధాటిగా ఊదితే చాలు, సూది గుచ్చనక్కర్లేదు. నాకు దాని మీద ఇష్టం వేరే కారణానికి. ఇన్‌హేలర్ రోజూ వాడుతున్నానని చెప్పే మనిషికి అంకె పడిపోవాలి. పడలేదంటే వాడడం లేదు, లేదా పీల్చే పద్ధతి తప్పు. 2024 నవంబరులో బ్రిటన్ కొత్త మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి రోగ నిర్ధారణలో మొదటి మెట్టు మీదే పెట్టారు దీన్ని, లేదా రక్తంలో ఇసినోఫిల్స్‌ని.

మామయ్య: లేదా అన్నారు కదా. అయితే సీబీపీ చాలు. నాకు ఆ మిషను వద్దు. ఇన్‌హేలర్ వాడుతున్నాడో లేదో తెలుసుకోవడానికి డబ్బాలో ఎన్ని డోసులు మిగిలాయో చూస్తాను, నా ఎదురుగా పీల్చి చూపించమంటాను.

మేనకోడలు: సరే, ఈ ఊరికి మిషను అవసరం లేదు. వదిలేస్తున్నాను. ఐజీఈని మాత్రం వదలను. టీబీ మందులు రెండు కోర్సులు వాడి, కఫంలో ఎన్నడూ క్రిమి కనబడని మనుషులు మన దగ్గర ఎంతమంది! వాళ్లలో కొందరికి ఉన్నది ఆస్పర్‌జిల్లస్ బూజుకి వచ్చే ఎలర్జీ, ఏబీపీఏ. గోధుమరంగు ముద్దల్లాంటి కఫం పడుతుంది, ఎక్స్‌రేలో నీడలు వచ్చి పోతుంటాయి. ఆ బూజు మీద ప్రత్యేకంగా తయారైన ఐజీఈ ఉండి, మొత్తం ఐజీఈ 500 యూనిట్లు దాటితే దాన్ని అనుమానించమని 2024లో అంతర్జాతీయ బృందం గీత గీసింది. ప్రెడ్నిసొలోన్‌తోనో ఇట్రకొనజోల్‌తోనో తగ్గుతుంది. తగ్గుతోందనడానికి సాక్ష్యం కూడా ఆ ఐజీఈ తగ్గడమే. దీన్ని చెవితో పట్టుకున్నవాళ్లని నేను చూడలేదు.

మామయ్య: పురుగులున్నా మొత్తం ఐజీఈ వేలల్లోకి పోతుందమ్మా.

మేనకోడలు: పోతుంది. అందుకే బూజు మీది ఐజీఈ ముందు, మొత్తం ఐజీఈ తర్వాత. ఏ లెక్కా ఒంటరిగా తీర్పు చెప్పదు. రక్తంలో కొలిచే పెరియోస్టిన్ అనే ప్రోటీన్‌ని 2011లో నెత్తికెత్తుకున్నారు, దాన్ని బట్టి లెబ్రికిజుమాబ్ అనే మందుని ఎవరికివ్వాలో తెలుస్తుందన్నారు. 2016 కల్లా పెద్ద ట్రయల్స్‌లో ఫలితాలు నిలబడలేదు. ఎదిగే పిల్లల్లో ఎముకల వల్లే అది పెరుగుతుంది. దాన్ని వదిలేశాం. పనికిరానిదాన్ని వదిలేయడం మాకూ తెలుసు మామయ్యా.

మామయ్య: బాగుంది. అయితే నిన్న సాయంత్రం చూసిన మనిషి కాగితాలు తియ్యి. ముప్పై ఏళ్లావిడ, రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. ఏడాదిలో నాలుగుసార్లు ఆయాసం, నాలుగుసార్లూ వాళ్ల ఊళ్లో సూది వేయించుకుంది. సీబీపీలో ఇసినోఫిల్స్ ఒక శాతం. నీ లెక్క ప్రకారం ఈవిడకి వాపు లేనట్టేగా?

మేనకోడలు: ఆ రక్తం ఎప్పుడు తీశారో చూశారా? సూది వేయించుకున్న మర్నాడు. ఆ సూదిలో డెక్సామెథసోన్ ఉండే ఉంటుంది. స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే రక్తంలో ఇసినోఫిల్స్ పడిపోతాయి. ఇది వాపు లేదని చెప్పే లెక్క కాదు, సూది పడిందని చెప్పే లెక్క. రెండు వారాలు ఆగి మళ్లీ తీయాలి. పాత కాగితాల్లో సూదికి ముందు తీసిన సీబీపీ ఏదైనా ఉంటే అది దీనికంటే నయం.

మామయ్య: రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఇన్‌హేలర్ ఇవాళే మొదలుపెట్టు. లెక్క తర్వాత తీసుకో.

మేనకోడలు: మొదలుపెడదాం. దానికి అభ్యంతరం లేదు.

మామయ్య: ఇంకో సంగతి. నువ్వు నాలుగు కాగితాలు చదివావు గానీ ఒక ప్రశ్న అడగలేదు. ఆదివారం ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. ఆదివారం బాగానే ఉంటుందట. సంక్రాంతికి పుట్టింటికి వెళితే వారం రోజులూ పఫ్ ముట్టలేదట. మళ్లీ షెడ్డులోకి వెళ్లి రొయ్యల తొక్కు తీయడం మొదలెట్టాక రెండో రోజు రాత్రికి దగ్గు. ఏ రక్తపరీక్షలో వస్తుంది ఆదివారం?

మేనకోడలు: ఏ పరీక్షలోనూ రాదు. అది మీరే పట్టుకోవాలి. వృత్తి వల్ల వచ్చే ఆస్తమా. నీళ్లు కొట్టి కడుగుతున్నప్పుడు, ఆవిరిలో ఉడికిస్తున్నప్పుడు రొయ్యల ప్రోటీన్లు తుంపర్లలో గాలిలోకి లేస్తాయి. నెలలో ఏళ్లో పీల్చాక ఒళ్లు ఎదురుతిరుగుతుంది. అయితే ఆవిడ ఆ పని మానేయాలి. ఎంత తొందరగా తప్పుకుంటే అంత మంచిది, ఆలస్యమైతే పని మానినా ఆస్తమా మానదు.

మామయ్య: మానేస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? భర్త ఆటో తోలుతాడు. ఇద్దరు పిల్లలు. మానేయమని చెప్పడం నీకు తేలిక. మాస్కు కట్టుకుని ప్యాకింగ్ వైపు మారమని చీటీ రాస్తాను.

మేనకోడలు: ప్యాకింగ్ కూడా అదే హాల్లో అయితే ఆ చీటీ ఎందుకు పనికొస్తుంది? అయినా మీ చీటీ చూసి సూపర్‌వైజరు మారుస్తాడా? ‘ఆయాసం అందరికీ ఉంటుంది’ అంటాడు. ఆవిడకి కావలసింది అతను కాదనలేని కాగితం. ఊదే గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు కొన్ని వందల రూపాయలు. అది ఇచ్చి, పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకి నాలుగైదుసార్లు ఊది అంకె రాసుకోమందాం, నాలుగు వారాలు. పని మొదలైన రోజుల్లో గీత కిందకి, సెలవుల్లో పైకి వస్తే ఇంక వాదన లేదు. దాని పక్కన రొయ్యల మీది ఐజీఈ, రెండు వారాల తర్వాతి ఇసినోఫిల్స్ పెడదాం. ఈఎస్‌ఐ పరిహారమిచ్చే వృత్తి రోగాల జాబితాలో వృత్తి ఆస్తమా ఉంది. మీ చెవి విన్న కూతకి పరిహారం ఎవరూ ఇవ్వరు మామయ్యా, చార్టుకి ఇస్తారు.

మామయ్య: ఆవిడ పేరు ప్లాంటు రోల్స్‌లో ఉందా, కాంట్రాక్టరు కింద ఉందా?

మేనకోడలు: అది నేను అడగలేదు.

మామయ్య: కాంట్రాక్టరు కింద ఉంటే ఈఎస్‌ఐ చందా కడుతున్నాడో లేదో ముందు చూడాలి. గురువారం మందు కోసం వస్తుంది కదా, భర్తని కూడా జీతం చీటీ పట్టుకుని రమ్మందాం. ఆ మీటరు ఒకటి కాదు, నాలుగు తెప్పించు. ఆ షెడ్డు నుంచి ఇంకో ముగ్గురు నా దగ్గరికే వస్తున్నారు.